ప్రెసిడెంట్ సంతకం పెడితే గ్రీన్ కార్డు లైను కదులుతుందా?

డాలస్‌లో ఒక ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర కేసుల పేపర్లు తయారుచేయడం నా పని. వైట్‌హౌస్‌లో ఏదో సంతకం పడిందని టీవీలో స్క్రోలింగ్ వచ్చిందంటే చాలు, ఆ రోజు మా ఫోన్లు మోగుతూనే ఉంటాయి, సగం గుంటూరు, ఖమ్మం వైపు నుంచి అమ్మానాన్నలు చేసేవే. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ప్రెసిడెంట్ తలుచుకుంటే గ్రీన్ కార్డు లైను కరిగిపోతుంది.

కరగదండీ. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్ కార్డులు, ఏ దేశానికీ 7 శాతం దాటకూడదన్న పరిమితి, హెచ్-1బీ ఉద్యోగ వీసాలు 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000, ఇవన్నీ కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) చట్టంలో రాసిపెట్టిన అంకెలు. దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65తో గెలిచింది, 2020 డిసెంబరులో సెనేట్ దాన్నే మార్చి ఆమోదించింది, రెండిటికీ పొత్తు కుదిరేలోపు సభ గడువు అయిపోయి బిల్లు మురిగిపోయింది.

అపోహ: అయితే ప్రెసిడెంట్ చేతిలో ఏమీ లేదు.

ఇలా అనుకోవడం ఇంకా ప్రమాదం. లైను కదపలేడు గానీ గుమ్మం మూయగలడు. 1952 ఇమిగ్రేషన్ చట్టంలో 212(ఎఫ్) అని ఒక సెక్షన్ ఉంది, దేశానికి నష్టమని తోస్తే విదేశీయుల రాకను ఆపొచ్చు, షరతులు పెట్టొచ్చు. 2020 జూన్‌లో ట్రంప్ కొత్త హెచ్-1బీ వాళ్లను ఆపింది దీంతోనే, 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీలకు లక్ష డాలర్ల ఫీజు మెలిక పెట్టిందీ దీన్ని చూపించే. కోర్టుకెళ్లొచ్చు, కాకపోతే 2018లో సుప్రీంకోర్టు 5-4తో ఈ సెక్షన్ కింద ప్రెసిడెంట్‌కు చాలా వెసులుబాటు ఇచ్చేసింది.

తమాషా ఏంటంటే ఆ 1952 చట్టాన్ని అప్పటి ప్రెసిడెంట్ ట్రూమన్ వీటో చేశాడు, జాతులవారీ కోటాలు నచ్చక. కాంగ్రెస్ రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది ఓటేసి, ఆయన వద్దన్నా చట్టం చేశారు. ఇప్పుడు ప్రెసిడెంట్ల బ్రహ్మాస్త్రం అదే.

అపోహ: ఈ అధికారం ఇచ్చిన కాంగ్రెస్సే ఎప్పుడైనా లాక్కోవచ్చు.

కాగితం మీద నిజమే. కానీ లాక్కునే బిల్లు కూడా ప్రెసిడెంట్ టేబుల్ మీదకే వెళ్లాలి కదా, తన చేతిలో తాళంచెవి తీసేసుకునే కాగితం మీద ఎవరైనా సంతకం పెడతారా? వీటో చేస్తే మళ్లీ మూడింట రెండొంతులు కావాలి. ట్రంప్ మొదటి హయాంలో 10 బిల్లులు వీటో చేస్తే కాంగ్రెస్ నెగ్గించుకున్నది ఒక్కటే, అదీ రక్షణ శాఖ బిల్లు.

అపోహ: ప్రెసిడెంట్ ఆర్డరంటే చట్టమే.

కాదు. 2020 నాటి ఆ నిషేధాన్ని బైడెన్ పొడిగించకపోయేసరికి 2021 మార్చి 31తో దానంతటదే పోయింది. ఇది రెండువైపులా పదునే: హెచ్-4 వాళ్ల (హెచ్-1బీ వాళ్ల భార్య లేదా భర్త) వర్క్ పర్మిట్ 2015లో డిపార్ట్‌మెంట్ రూలుతో వచ్చింది, కాంగ్రెస్ చట్టంతో కాదు, అందుకే ప్రతి ఎన్నికకీ ఆ ఇళ్లలో టెన్షన్.

లక్ష డాలర్ల ఫీజు పెట్టిన ఆ సెప్టెంబరులో మా క్లయింటు ఒకాయన చెల్లెలి పెళ్లికని ఇండియా వెళ్లి, శంషాబాద్ నుంచి ఫోన్ చేశాడు, పెళ్లి వదిలేసి విమానం ఎక్కాలా అని. అప్పటికే వీసా ఉన్నవాళ్లకు ఆ ఫీజు వర్తించదని మర్నాటికి గానీ తేలలేదు. ఈలోపు టికెట్ డబ్బులు పోయాయి.