మ్యూల్ డీర్ వేటలో కాల్స్, కొమ్ముల చప్పుడు: అపోహలు - వాస్తవాలు

కంచర గాడిదకు (మ్యూల్) ఉన్నంత పెద్ద చెవులు ఉండబట్టే ఉత్తర అమెరికా జింక మ్యూల్ డీర్‌కు ఆ పేరు. చెవులు చూసి ఇది చప్పుడుకు పరిగెత్తుకొచ్చే జంతువనుకుంటారు కానీ, ఇది బతికేది కళ్లతో, ముక్కుతో. కాల్ (జింక అరుపును పోలిన శబ్దం చేసే పీక) ఊదే ముందు ఈ సంగతి బుర్రకెక్కాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం కాబట్టి, ఇక్కడ రాసిందంతా అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో లైసెన్సు, ట్యాగు (జంతువును వేటాడే అనుమతి చీటీ) తీసుకుని చేసే వేట గురించే.

అపోహ: తెల్లతోక జింకలాగే దీన్నీ, పోట్లాటలా వినబడేలా రెండు కొమ్ములను ఒకదానికొకటి కొట్టి రప్పించవచ్చు.

వాస్తవం: టెక్సస్ ముళ్లపొదల్లో తెల్లతోక మగజింక పోట్లాటను చూడలేదు, వినాల్సిందే. అందుకే చప్పుడు వెంట వస్తుంది. మ్యూల్ డీర్ ఉండేది బోడి కొండవాలుల్లో, సేజ్‌బ్రష్ అనే పొట్టి పొదల మైదానాల్లో. ఎదకాలంలో ముదురు మగజింక ఒక ఆడమంద నుంచి మరో మందకు వాసన చూసుకుంటూ తిరుగుతుంది. దానికి చప్పుడు ఆనవాలు అక్కర్లేదు.

అందుకని ముందు బైనాక్యులర్‌తో ఆడమందను వెతకండి. మగజింక కనబడితే మిట్ట చాటున 150, 200 గజాల దాకా చేరండి, అప్పుడే కొమ్ములు తీయండి. ఢీకొట్టవద్దు. కొమ్ము కొనలను 20, 30 సెకన్లు ఒరిపించి, తర్వాత ఒక నిమిషం పాటు సేజ్ పొదనో జూనిపర్ కొమ్మనో కొమ్ముతో బరబరా చితక్కొట్టండి. మ్యూల్ డీర్ మగజింక తన బలం చాటుకునేది అలాగే. ఆ తర్వాత పది నిమిషాలు కదలకుండా చూడండి. రెండు మూడు విడతలైనా స్పందన లేకపోతే చోటు మార్చాలి. గట్టిగా ఢీకొడితే కుర్ర మగజింకలు బెదిరి పోతాయి, వాటితో పాటు మందంతా లేస్తుంది. ఏళ్ల తరబడి ఎండకు ఎండి పగుళ్లు పట్టిన కొమ్ములు మొద్దుగా మోగుతాయి, అవి పనికిరావు.

గాలి సంగతి మరవద్దు. వచ్చే జింక చాలాసార్లు చుట్టు తిరిగి మీ గాలివాలుకు చేరుతుంది. పొద్దెక్కి వాలు వేడెక్కాక గాలి పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడగానే కిందికి జారుతుంది. ఉదయం బాగున్న చోటే సాయంత్రం మిమ్మల్ని పట్టిస్తుంది.

అపోహ: సీజన్ తెరిచిన రోజు నుంచీ పనిచేస్తుంది.

వాస్తవం: ఎద ముమ్మరంగా ఉండేది నవంబరు మధ్య నుంచి డిసెంబరు మొదటి రోజుల దాకా. అరిజోనా ఎడారిలో ఇంకా ఆలస్యం, డిసెంబరు చివర, జనవరి. అక్టోబరు రైఫిల్ సీజన్లలో కొమ్ములు మోసుకెళ్లడం బరువే. కొలరాడో నాలుగో రైఫిల్ సీజన్ నవంబరులో పడుతుంది, అక్కడ ప్రయత్నించదగ్గదే.

అపోహ: పిల్ల అరుపు కాల్ ఊదితే మగజింక వస్తుంది.

వాస్తవం: వచ్చేది తల్లి. మ్యూల్ డీర్ తల్లులు తమ పిల్ల కాకపోయినా, చివరికి తెల్లతోక జింక పిల్ల అరిచినా కాపాడటానికి ఉరుకుతాయి. మగజింక ట్యాగు చేతిలో ఉన్నవాడికి ఇది చాలాసార్లు నష్టమే: దగ్గరికొచ్చిన తల్లి మనిషిని పసిగట్టి బుస కొడుతుంది, లోయంతా ఖాళీ. ఎదకాలంలో మాత్రం ఆడది కదిలితే వెనక మగది కదలవచ్చు. మన పాత వేటలో దీమపు లేడిని (ఎరగా చూపే పెంపుడు లేడిని) వాడిన కిటుకు లాంటిదే ఇది. పైగా ఈ అరుపుకు కొయోటీ (అక్కడి నక్కలాంటి తోడేలు జాతి జంతువు), ఎలుగు, మౌంటెన్ లయన్ (పూమా) కూడా వస్తాయి. వీపు బండకు ఆనించి కూర్చోండి, వెనక చూడటానికి తోడు ఉంటే మరీ మంచిది.

అపోహ: గ్రంట్ కాల్ (మగజింక గుర్రును పోలిన శబ్దం చేసేది) దూరం నుంచి లాక్కొస్తుంది.

వాస్తవం: మ్యూల్ డీర్ గుర్రు చాలా సన్నం, గాలి ఉన్న రోజు వంద గజాలు దాటడమే కష్టం. అసలు ఉపయోగం ఆపడానికి. నడిచే జింక సందులోకి రాగానే ఒక్కసారి మెల్లగా ఊదితే నిలబడి చూస్తుంది. అప్పటికే తుపాకీ స్టిక్ (ఆనించే ఊతకర్ర) మీద కుదురుకుని ఉండాలి, ఎందుకంటే అది చూసేది సూటిగా మీ వైపే. చలిలో ఎంగిలి తడికి లోపలి రీడ్ (శబ్దం చేసే పల్చటి పట్టీ) గడ్డకట్టి కాల్ మూగబోతుంది. దాన్ని జాకెట్ లోపలి జేబులో ఉంచండి, ఊదిన ప్రతిసారీ దులపండి.

అపోహ: మూత్రపు సెంటు (జింకను ఆకర్షించేందుకు చల్లే జింక మూత్రం వాసన), ఎలక్ట్రానిక్ కాల్ కలిపితే ఇంకా మేలు.

వాస్తవం: జింకలను చిక్కి చంపే మెదడు జబ్బు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్‌ను మొదట గుర్తించింది 1967లో, కొలరాడోలో బోనులో పెంచిన మ్యూల్ డీర్‌లోనే. దానికి కారణమైన ప్రియాన్లు (వంకర తిరిగిన ప్రొటీన్లు) మూత్రంలోనూ వెలువడతాయి, అందుకే కొన్ని రాష్ట్రాలు సహజ మూత్రపు సెంట్లను నిషేధించాయి. పెద్ద జంతువులకు ఎలక్ట్రానిక్ కాల్ వాడకూడదన్న నియమం కూడా చాలాచోట్ల ఉంది. ఆ ఏడాది రాష్ట్ర నిబంధనల పుస్తకం చదివాకే కొనండి.

కొమ్ముల చప్పుడుకు జింక కంటే ముందు మరో వేటగాడు రావచ్చు. కొలరాడో రైఫిల్ సీజన్లో నడుం పైన 500 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ నారింజ లేదా గులాబీ రంగు, అదే రంగు టోపీ తప్పనిసరి. పొదలో కూర్చున్నా ఆ రంగు కనబడకుండా దాచవద్దు. కొమ్ములు తలకంటే ఎత్తుకు లేపవద్దు. మోసుకెళ్లేటప్పుడు వాటికి నారింజ గుడ్డ చుట్టండి.