వానాకాలంలో గొంతు తగ్గే స్పీకర్లు

వీణ మీటినప్పుడు గోరు తగిలిన చప్పుడు, తీగ మోత, కుండలోంచి వచ్చే నాదం దేనికది విడిగా వినపడాలంటే ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లను మించినవి లేవు. గుట్టంతా బరువులో ఉంది. మామూలు స్పీకర్‌లో కోను, దాని వెనక రాగి చుట్ట కలిసి ఊగాలి. ఇక్కడ ఊగేది పలచటి ప్లాస్టిక్ పొర. మందం 6 మైక్రాన్లయితే చదరపు మీటరు పొర ఎనిమిదిన్నర గ్రాములు కూడా తూగదు. 7 మిల్లీమీటర్ల మందాన గాలి కూడా దాదాపు అంతే తూగుతుంది. ఆ పొరకు వేల వోల్టుల చార్జి ఎక్కించి, రెండు చిల్లుల రేకుల మధ్య బిగిస్తారు. సిగ్నల్‌ని బట్టి ఒక రేకు లాగుతుంటే రెండోది నెడుతుంది. ఇంగ్లండులో పీటర్ వాకర్ 1957లో క్వాడ్ పేరుతో అమ్మకానికి తెచ్చింది ఈ పద్ధతినే.

మృదంగం కుడివైపు దెబ్బ చక్కగా పలుకుతుంది, తొప్పి (ఎడమవైపు) మీద పలికే లోతైన గుమ్కి మాత్రం సన్నగిల్లుతుంది. ప్యానెల్‌కి వెనక పెట్టె ఉండదు కాబట్టి, వెనక్కి పోయే శబ్దం తిరగబడిన దశలో అంచు చుట్టి వచ్చి ముందుదాన్ని కొట్టేస్తుంది. 50 హెర్ట్జ్ తరంగం పొడవు 7 మీటర్లు, ప్యానెల్ వెడల్పేమో అర మీటరు. డప్పు అదరాలనుకునేవాళ్లు వీటి జోలికి పోకపోవడమే మేలు.

విజయవాడ ఫ్లాట్ల హాల్లో టైల్స్, సున్నపు గోడలు, పైన శ్లాబు. స్పీకర్‌ని గోడకి అడుగు దూరంలో పెడితే వెనక నుంచి తిరిగొచ్చే శబ్దం 580 హెర్ట్జ్ దగ్గర, అంటే సరిగ్గా గాత్రం మధ్యలో గండి కొడుతుంది. మూడడుగుల దూరానికి జరిపితే ఆ గండి 190కి దిగుతుంది. ఎదురుగా కుర్చీ ఒక్కటే వేయండి. పక్కకి జరిగితే తాళాల మెరుపు పోతుంది.

అసలు బాధ తేమతో. జూలై నుంచి అక్టోబరు దాకా ఇక్కడ గాల్లో తేమ 80 శాతం దాటడం మామూలే. పొరకి చార్జి అందేది కరెంటుని గట్టిగా అడ్డుకునే మెగా ఓముల రెసిస్టర్ల గుండా, మైక్రో ఆంపియర్లలో. అంచుల మీద పేరుకున్న దుమ్ము చెమ్మగిల్లితే ఆ కాస్తా కారిపోతుంది. ముందు ఒక వైపు సౌండు తగ్గి, గాయకుడు రెండో వైపు జరిగినట్టుంటాడు. తర్వాత టిక్ టిక్, సన్నటి బుస. గుంటూరులో మిర్చి యార్డు వైపు ఇల్లయితే దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు, చార్జి ఉన్న పొర దాన్ని పిలిచి మరీ అంటించుకుంటుంది.

ముందు రోజు రాత్రే ప్లగ్గు పీకేయండి, చార్జి దిగాలి. పొద్దున వాక్యూమ్‌కి మెత్తటి బ్రష్ తగిలించి తక్కువ లాగుడుతో రేకు మీద తుడవండి. తడిగుడ్డ తగలనీయొద్దు. ఏసీ వేసి తేమ 60 శాతం లోపుకి తెచ్చి, ప్లగ్గు పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. అప్పటికీ ఒక వైపు సౌండు తక్కువగానే ఉంటే, యాంప్ ఆపి స్పీకర్లకెళ్లే కుడి ఎడమ వైర్లు మార్చండి. ఆ లోటు అదే స్పీకర్‌లో ఉండిపోతే లోపం ప్యానెల్‌ది లేదా దాని వోల్టేజి బోర్డుది; రెండో వైపు మారితే యాంప్‌నో దాని వెనకున్నవాటినో చూసుకోవాలి.