పెరటి కుంటలో పూడిక తీద్దాం రండి

నల్లగొండ,
ఫాల్గుణ మాసం

చిట్టితల్లికి, చిన్నోడికి తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి నాకు సగమే అర్థమైంది. చిన్నోడి ప్రశ్న మాత్రం బాగా వినబడింది: "తాతా, వాక్యూమ్ అంటే దుమ్ము పీల్చేది కదా, నీళ్లలో పెడితే షాక్ కొట్టదా?" మీ నాయనమ్మ కూడా అదే అడిగింది, కాకపోతే ఇంకాస్త గట్టిగా. ఒంటిపూట బడులు మొదలయ్యాక మీరు వచ్చే శనివారం వాక్యూమ్‌తో పెరటి కుంట అడుగు బురద తీసే పని పెట్టుకుందామనుకుంటున్నా. ఏమేం చేస్తామో, ఎందుకు చేస్తామో ముందే రాసి పెడితే వచ్చాక టైము కలిసొస్తుంది.

కుంట మీదికి వేపకొమ్మ ఒకటి వంగి ఉంటుంది కదా. మాఘం దాటేసరికి దాని ఆకంతా రాలుతుంది. నాలుగు రోజులు పైన తేలి, నానిన తర్వాత మునుగుతుంది. దానికి చేపల రెట్ట, అవి తినగా మిగిలిన మేత, చెలకల మీదుగా గాలికి కొట్టుకొచ్చే ఎర్రదుమ్ము తోడై అడుగున నల్లటి పొర కడుతుంది. పొద్దున కర్ర దించి చూస్తే జానెడు లోపలికి పోయింది. కర్రకు అంటుకొచ్చిన బురద రాగిజావంత చిక్కగా జారింది. వాసన మాత్రం కుళ్లిన కోడిగుడ్డుదే. గాలి అందని చోట ఆకులు కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాసు పుడుతుంది, ఆ కంపు దానిదే. బురదను కదపనంత సేపు ఆ గ్యాసు అడుగునే అణగి ఉంటుంది. ఎవరైనా దిగి కలియబెడితే నీళ్లలోకి చేరి చేపల ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే మీ నాన్న చిన్నప్పుడు చేసినట్టు లుంగీ ఎగ్గట్టి పారతో దిగే పద్ధతి నాకు నచ్చదు.

ఇక మెషీన్ సంగతి. ఇంట్లో సోఫాలు దులిపే వాక్యూమ్‌ను కుంట దరిదాపులకు కూడా తేకూడదు. అది పీల్చిన గాలి మోటరు మీదుగానే బయటికి పోతుంది, అంటే నీళ్లు లాగితే అవి కూడా కరెంటు మీదికే పోతాయన్నమాట. మనది తడికీ పొడికీ పనికొచ్చే రకం, దుకాణంలో వెట్ అండ్ డ్రై అంటారు. దీని మోటరు పైన మూతలో ఉంటుంది, దాన్ని చల్లబరిచే గాలికి వేరే దారి ఉంటుంది. కింద పాతిక లీటర్ల డ్రమ్ము. నీళ్లకు వాడేముందు లోపలి పొడి ఫిల్టర్ తీసేసి స్పాంజి తొడుగు వేయాలి, లేకపోతే ఆ ఫిల్టర్ నాని ముద్దయిపోతుంది.

ఒక మాట సరిగ్గా పట్టుకోండి. మోటరు నీళ్లను లాగదు. అది డ్రమ్ములోని గాలిని బయటికి తోసేస్తుంది, అంతవరకే దాని పని. లోపల గాలి పలచబడుతుంది. బయట కుంట మీదున్న గాలి మాత్రం ఎప్పటి బరువుతోనే నొక్కుతూ ఉంటుంది. ఆ నొక్కుడుకే నీళ్లు, వాటితోపాటు బురద గొట్టంలోకి ఎక్కి డ్రమ్ములో పడతాయి.

ఈ సంగతి మన దిక్కు రైతులకు బడి మొహం చూడకుండానే తెలుసు. బోర్లు ఇంతగా రాకముందు బాయి మోటర్లే ఆధారం. ఎండకాలంలో బాయిలో నీళ్లు అడుగంటుతుంటే మోటరును కూడా తాళ్లు కట్టి కిందికి దించేవాళ్లు. బాయి లోపల దాని కోసం రాతి అరుగో, అడ్డదూలాలో ఉండేవి. మోటరు పైనే ఉంటే ఎంతసేపు తిరిగినా పైపులో నీళ్లు ఎక్కవు. బయటి గాలి బలం నీటిని సుమారు 10.3 మీటర్ల ఎత్తు వరకే నిలబెట్టగలదు. అది కూడా సముద్రమట్టం దగ్గర, పైపులో గాలి అసలు లేకుండా చేసినప్పటి లెక్క. మన ఊరు సముద్రమట్టానికి నాలుగు వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, ఇక్కడ ఆ లెక్క ఇంకాస్త తగ్గుతుంది. పైపు రాపిడి, పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ లీకులు పోను ఏడు మీటర్లు దక్కితే గొప్పే. ఇటలీలో పంపులు చేసేవాళ్లను కూడా ఈ పది మీటర్ల హద్దే సతాయించింది. గాలికి బరువు ఉందనీ, ఆ బరువు ఎంత ఎత్తును మోయగలదో అనీ అక్కడి శాస్త్రవేత్త టోరిసెల్లి 1643 ప్రాంతంలో పాదరసం గొట్టంతో చూపించాడు. సబ్‌మెర్సిబుల్ మోటర్లు వచ్చాక మనకు ఆ దించుడు బాధ తప్పింది. అవి బోరు అడుగునే కూర్చుని నీటిని కింది నుంచి తోస్తాయి, గాలి సాయం వాటికి అక్కర్లేదు. అందుకే వందల అడుగుల నుంచి తెస్తున్నాయి. తేగలుగుతున్నాయి కదా అని ఎంత లోతుకు పోయామో అది వేరే కథ, ఉత్తరంలో పట్టదు.

మన డబ్బాలోని ఫ్యాను బాయి మోటరంత గట్టిది కాదు. నీటిని రెండు మీటర్లు ఎక్కించేసరికే దాని పని అయిపోతుంది. కుంట లోతు రెండడుగులే కాబట్టి మనకు చాలు. అయితే డ్రమ్మును అరుగు మీదో మెట్ల మీదో పెట్టకుండా నేల మీదే ఉంచాలి. ఎత్తు పెరిగేకొద్దీ గొట్టంలో బురద నడక మందగిస్తుంది.

మెషీన్ నడుస్తున్నప్పుడు దాని గొంతు వింటూ ఉండండి. డ్రమ్ము నిండేకొద్దీ లోపల ఒక ప్లాస్టిక్ బంతి తేలుతూ పైకొచ్చి, మోటరుకు గాలి వెళ్లే నోటిని మూసేస్తుంది. అంతసేపూ గుర్రుమన్న మోటరు ఒక్కసారిగా కీచుమంటుంది. బరువెక్కువై అరుస్తోందనుకుంటారు చాలామంది. జరిగేది దానికి ఉల్టా: తోయడానికి గాలి దొరకక, ఫ్యానుకు పని తగ్గి, వేగం పెరిగి వచ్చే చప్పుడది. ఆ చప్పుడు రాగానే స్విచ్ ఆపి, అడుగున మూత విప్పి బురద వదలాలి. కుంటల కోసమే చేసే వాక్యూమ్‌లలో కొన్నిటికి రెండు గదులుంటాయి. ఒకటి నిండుతుంటే ఇంకొకటి ఖాళీ అవుతుంది, ఆపే పనే ఉండదు. మనలాంటి చిన్న కుంటకు అంత ఖర్చు దండగ అని నా లెక్క. పెద్ద కుంటకైతే ఈ డబ్బాలేవీ ఆనవు, బురద పంపు పెట్టాల్సిందే.

చిన్నోడి షాక్ ప్రశ్నకు జవాబు ఇదిగో. మెషీన్ గట్టుకు రెండు మీటర్లు దూరంగా ఉంటుంది, గొట్టం మాత్రమే కుంటలోకి వెళ్తుంది. ప్లగ్గుకు మూడు పిన్నులుండాలి, ఎర్తింగ్ బాగుండాలి. మన బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాను, కరెంటు దారి తప్పి నేలలోకి పోతే రెప్పపాటులో లైను కట్ చేస్తుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు కుర్చీ మీద ఉండాలి, తడినేల మీద కాదు. మెషీన్ నడుస్తుండగా ఎవరూ నీళ్లలో చెయ్యి పెట్టకూడదు, కాలు పెట్టకూడదు. స్విచ్, గొట్టం నా దగ్గర. వల, బకెట్, లెక్క మీ దగ్గర. దీంట్లో బేరాల్లేవు.

పని పొద్దున ఎనిమిది తర్వాత మొదలుపెడదాం. తెల్లారకముందే చల్లగా ఉంటుంది కదా అంటారేమో. నీటి మొక్కలు రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటాయి, తెల్లవారుజామున నీళ్లలో అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఎండ కాసేపు తగిలాక మొక్కలు మళ్లీ వదలడం మొదలుపెడతాయి. మరీ మధ్యాహ్నమైనా మంచిది కాదు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు దిగుతుంది. వైశాఖంలో ఈ పని అసలే పెట్టుకోకపోవడానికి కారణం అదే.

ముందు వలతో పైన తేలే ఆకులు, పుల్లలు మీరు తీయాలి. వేప ఈనెలు ఒక్క గుప్పెడు లోపలికి పోయాయంటే గొట్టం మలుపులో అడ్డంపడి కూర్చుంటాయి. తర్వాత నేను గొట్టం మూతిని బురద పైపొరకు ఆనించి, ఒక్కో జానెడు చొప్పున జరుపుతూ వస్తాను. తొందరపడి ఊడ్చినట్టు లాగితే బురద లేచి నీళ్లు నల్లబడతాయి, మూతి ఎక్కడుందో కూడా కనబడదు. అలా అయితే ఆపేసి గంటసేపు తేరుకోనివ్వాలి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నా ఆపేయాలి, ఆ కాపలా చిట్టితల్లిది.

ఎంత తీయాలన్నదే అసలు విషయం. కుంట పొడవు పది అడుగులు, వెడల్పు ఆరు, లోతు రెండు. 120 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకు 28 లీటర్లకు కొంచెం పైన, అంటే సుమారు 3,400 లీటర్లు. పదీ పదిహేను డ్రమ్ములు తోడితే అందులో పదోవంతు పోతుంది. ఆ రోజుకు అంతే. డ్రమ్ముకొక గీత చొప్పున గోడ మీద సుద్దముక్కతో గీయడం చిన్నోడి పని. కుంట అడుగున మిగిలిన సగం బురద పదిహేను రోజుల తర్వాత.

నీళ్లన్నీ తోడి, రాళ్లను బ్లీచింగ్ వేసి తోమి, అద్దంలా చేసి చూపించే వీడియోలు మీరు చూసే ఉంటారు. చూడ్డానికి బాగుంటుంది, వారం తిరక్కుండా చేపలు చస్తాయి. ఎందుకంటే చేపలు మొప్పల నుంచి అమ్మోనియా వదులుతాయి, అది వాటికే విషం. రాళ్లకు, గోడలకు పట్టిన పాకుడులో కంటికి కనబడని బాక్టీరియా ఉంటుంది. అది అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ను కలువలు ఎరువుగా తీసుకుంటాయి. పాకుడంతా గీకేస్తే ఆ పని చేసేవాళ్లే ఉండరు, మళ్లీ పెరగడానికి వారాలు పడుతుంది. కాబట్టి గోడల జోలికి మనం పోవద్దు. బురదే మన పని.

తోడిన నీళ్లు తిరిగి నింపడంలో మన జిల్లాకు ఒక ప్రత్యేక చిక్కుంది. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు బడిలో చెప్పే ఉంటారు. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని హద్దు, చాలా ఊళ్ల బోర్లు దాన్ని దాటాయి. పళ్ల మీద గోధుమరంగు మరకలు, వంగిపోయిన కాళ్లు మా తరం కళ్లారా చూసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ వాళ్లు 1970లలో తయారుచేస్తే, దానికి మన ఊరి పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. అలాంటి పేరు తెచ్చుకోవాలని ఏ ఊరూ కోరుకోదు. కుంటకు దీంతో పనేమిటంటే, ఎండకు నీళ్లు ఆవిరైపోతాయి కానీ ఫ్లోరైడ్, ఉప్పు ఆవిరి కావు. తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తూ పోతే అవి పేరుకుంటూనే ఉంటాయి. బురదతో పాటు కొంత పాత నీళ్లు బయటికి పోవడం ఆ విధంగా లాభమే. కొత్తగా మాత్రం మిషన్ భగీరథ నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు పోద్దాం. వాటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి గోలెంలోనూ డ్రమ్ముల్లోనూ మూతల్లేకుండా ముందు రోజే పట్టి ఉంచుతాను. ఇంకో మాట, నీళ్లు తేరడానికి కుంటలో పటిక వేయమని పక్కింటాయన చెప్తుంటాడు. పటిక నీళ్లను పులుపెక్కిస్తుంది, చేపలున్న చోట నేను వేయను.

తీసిన బురదను వెంటనే పారబోయొద్దు. ముందు వెడల్పు తట్టలో పోసి మీరిద్దరూ వెతకాలి. తోకకప్పలు, నత్తలు, ఆరు కాళ్లతో నల్లగా పాకే తూనీగ పిల్లలు దొరుకుతాయి. తూనీగ పిల్లలు దోమపిల్లల్ని తింటాయి, వాటిని పోగొట్టుకుంటే మనకే నష్టం. చెంచాతో ఎత్తి మళ్లీ కుంటలో వదలండి. చేతులకు గ్లౌజులు, తర్వాత సబ్బు.

వెతికాక ఆ బురద బత్తాయి చెట్టుకు. మొదలుకు తగలకుండా, కొమ్మల నీడ పడే అంచు చుట్టూ పోయాలి. మొదట్లో తడి నిలిస్తే బత్తాయికి బంక తెగులు వస్తుంది. చెరువు మట్టిని పొలాలకు తోలుకోవడం మన దగ్గర తాతముత్తాతల నాటి అలవాటే. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల పూడిక తీస్తుంటే రైతులు ట్రాక్టర్లు కట్టుకొని పోటీపడి మరీ తోలుకున్నారు. పూడిక తీసిన చెరువుకు నీళ్లు, ఆ మట్టి పడిన చేనుకు బలం.

మధ్యలో కరెంటు పోతే? పోతుంది, శనివారం మన లైనుకు మామూలే. అప్పుడు సైఫన్ పెడదాం. పొడవాటి గొట్టాన్ని నిండా నీళ్లతో నింపి, రెండు చివర్లూ బొటనవేళ్లతో మూసి, ఒక చివర కుంటలో ముంచి, రెండోది నీటి మట్టం కంటే కిందున్న బత్తాయి పాదు వైపు వదిలితే చాలు, నీళ్లు వాటంతటవే గట్టెక్కి దిగుతాయి. నోటితో పీల్చి మొదలుపెట్టొద్దు, ఆ నీళ్లు కడుపులోకి పోతే ఆస్పత్రే. చిక్కటి బురద దీనికి రాదు, పైనున్న పలచటి పొర వస్తుంది.

ఇదే సూత్రంతో పెద్ద ప్రాజెక్టే కట్టారు, మహబూబ్‌నగర్ పక్కన, ఇప్పటి వనపర్తి జిల్లాలో. వనపర్తి రాజా వాళ్లు తల్లి పేరు మీద కట్టించిన సరళాసాగర్. 1949లో మొదలై 1959లో పూర్తయింది. చెరువు నిండి నీళ్లు ఒక మట్టం దాటగానే అందులోని సైఫన్లు తమంతట తామే అందుకుని ఎక్కువైన నీళ్లను కిందికి వదిలేస్తాయి. గేట్లెత్తే మనిషి లేడు, కరెంటు లేదు. 2019 డిసెంబరు 31న దాని మట్టికట్ట తెగితే తర్వాత మళ్లీ కట్టారు. వానకాలంలో సైఫన్లు పారేటప్పుడు మిమ్మల్ని తీసుకెళ్లాలని ఉంది, మీ అమ్మ ఒప్పుకోవాలి.

ఒక సామాను కావాలి. మన మెషీన్ గొట్టం లోపలి వెడల్పు 38 మిల్లీమీటర్లు. దానికి సరిపోయే పారదర్శకమైన గొట్టం ముక్క, ఒక మూరెడు, రెండు క్లిప్పులు ఇక్కడ దొరకలేదు. లోపల బురద పోతోందా, వట్టి నీళ్లు పోతున్నాయా అని అందులోంచి కనబడుతుంది, నీళ్లే కనబడితే మూతి జరుపుతాను. మీ నాన్నను హైదరాబాద్‌లో రాణిగంజ్ దుకాణాల్లో అడగమనండి. పాత బట్టలు రెండు జతలు కూడా తెచ్చుకోండి, కొత్తవాటితో దిగితే నాయనమ్మ మాటలు నేను పడాలి.

మీ
తాత