చిల్లు లేని బూటులోకి నీళ్లెలా వచ్చాయి?

చిరంజీవులైన పిల్లలకు మీ తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

మొన్నటి వానలో రోజంతా రబ్బరు బూట్లు తొడుక్కుని బురదలో తిరిగాననీ, బూటుకు ఎక్కడా చిల్లు లేదనీ, పై అంచు దాటి నీళ్లు రాలేదనీ, అయినా ఇంటికొచ్చి విప్పితే మేజోడు తడిసి పాదానికి అంటుకుపోయిందనీ, ఆ నీళ్లు ఎక్కడివనీ చిన్నది రాసింది. నా చిన్నతనంలో ఇలాగే జరిగినప్పుడు నేను బూటును తిట్టుకున్నానే తప్ప ఈ ప్రశ్న వేసుకోలేదు.

అమ్మా, ఆ నీళ్లు నీవే. పొయ్యి మీద మరుగుతున్న గిన్నె మూతను పెద్దవాళ్ల చేత తీయించి, దాని లోపలి వైపు చూడు. మూతకు చిల్లు లేదు, ఎవరూ నీళ్లు చల్లలేదు, అయినా బొట్లు వేలాడుతూ ఉంటాయి. బయటికి దారి లేని ఆవిరి చల్లటి మూతకు తగిలి నీరైంది. నీ పాదం ఆ గిన్నె, రబ్బరు ఆ మూత. పాదానికి ఎప్పుడూ కొద్దికొద్దిగా చెమట పడుతూనే ఉంటుంది. తోలు చెప్పులోనైతే అది ఆరిపోతుంది, రబ్బరులో ఆరడానికి దారి లేదు. బయటి నీటిని రానివ్వని గోడ లోపలి నీటిని మాత్రం ఎలా పోనిస్తుంది?

ఇంత గట్టి మూత మనిషికి సులభంగా దొరకలేదు. పూర్వపు రబ్బరు ఎండకు జిగురుగా మారి, చలికి బిరుసెక్కేది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడి చేసే పద్ధతిని కనుగొన్నాకే అది బూటుగా నిలబడింది.

గిన్నెను అంచుదాకా నింపితే పొంగుతుంది కదా, బూటులోనూ అలాగే కాస్త ఖాళీ ఉండాలి. కొనేటప్పుడు వానలో వేసుకోబోయే మందపాటి మేజోళ్లతోనే, అదీ పాదాలు కొంచెం ఉబ్బి ఉండే సాయంత్రం పూట, తొడిగి చూడండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత చోటు మిగలాలి, నడిస్తే మడమ లోపల జారకూడదు. గిన్నెకు నడక రాదు కనుక నా పోలిక ఇక్కడ కుంటుతోంది గాని, మూత వదులైనా బిగువైనా ఇబ్బందే అన్నది నిజం. అడుగున గాడులు లోతుగా, ఎడంగా ఉన్న బూటునే ఎంచుకోండి. సన్నని గాడుల్లో బురద నిండిపోతే అడుగు నున్నబడి కాలు జారుతుంది.

వదులు బూటు సంగతి నాకు బాగా తెలుసు. తొమ్మిదేళ్లప్పుడు మా అన్నయ్య బూట్లను, ముందు భాగంలో గుడ్డపేలికలు కుక్కి, గొప్పగా తొడుక్కుని బురదలోకి దిగాను. నాలుగో అడుగుకు కాలు పైకి వచ్చింది, బూటు రాలేదు. ఒంటికాలి మీద ఊగి ఊగి చివరికి వెల్లకిలా పడ్డాను. బూటును నిలువుగా లాగితే దాని కింద ఖాళీ ఏర్పడబోతుంది, ఆ ఖాళీలోకి గాలి చేరే దారి లేక పైనున్న గాలి ఒత్తిడి దాన్ని కిందికే నొక్కి పెడుతుంది. మడమను ముందు లేపి, కాలిని అటూ ఇటూ మెల్లగా తిప్పితే పక్కనుంచి గాలి చొరబడి బురద పట్టు వదులుతుంది. పెద్దవాళ్ల బూట్లు తొడిగినంత మాత్రాన పెద్దవాళ్లం కామని ఆ రోజు నడుము నొప్పితో సహా తెలిసింది.

లోపల ఎలాగూ తడిసేటప్పుడు బూటెందుకని చిన్నది అడుగుతుంది, నాకు తెలుసు. నీ చెమట నీకు శత్రువు కాదు. నిలిచిన వాన నీటిలో గాజుపెంకులుంటాయి, ఎలుకల మూత్రం కలిసి ఉంటే కాలి మీది చిన్న గీత గుండా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకవచ్చు. అలాగని తడి మేజోళ్లతో గంటల తరబడి ఉండకూడదు. 1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధంలో, నీళ్లు నిలిచిన కందకాల్లో రోజుల తరబడి తడి పాదాలతో ఉన్న సైనికుల కాళ్లు తిమ్మిరెక్కి, కమిలి, పుండ్లు పడ్డాయి. అందుకే సంచిలో ఆరిన జత ఒకటి పెట్టుకోండి. వాన పడుతుంటే పంట్లాము అంచును బూటు మీదుగా బయటికి వదలండి. లోపలికి దోపితే బట్ట మీద కారే నీరంతా బూటులోకే దిగుతుంది. తొడిగే ముందు ప్రతిసారీ బోర్లించి తట్టండి, లోపల తేలు ఉండవచ్చు. ఇంటికొచ్చాక బురద కడిగి, లోపల పాత కాగితాలు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండకూ మంటకూ రబ్బరు పగుళ్లు తీస్తుంది.

చిన్నదానికి ఇంకా నమ్మకం కుదరకపోతే, పొడిగా ఉన్న చేతిని పలుచని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మణికట్టు దగ్గర వదులుగా పట్టుకుని, పావుగంట కదలకుండా కూర్చోమనండి. ఆ తరువాత సంచి లోపలి వైపు ఏం కనబడిందో నాకు ఉత్తరం రాయమనండి.

ఇట్లు,
మీ తాతయ్య