వల దాటిన సాల్మన్, అలుగు దాటిన శీలావతి

హైదరాబాద్‌లో సాల్మన్ ఇప్పుడు వింత సరుకేమీ కాదు. జూబ్లీహిల్స్ జపనీస్ రెస్టారెంట్లలో, పెద్ద సూపర్‌మార్కెట్ల ఫ్రీజర్లలో ఆ నారింజ రంగు ముక్కలు దొరుకుతూనే ఉన్నాయి. నార్వే సాల్మన్ అని లేబుల్ ఉందంటే అది ఫారం చేపే అనుకోవచ్చు. సముద్రపు పాయల్లో వేలాడదీసిన వలల గూళ్లలో, గుళికల మేత తిని పెరిగింది. ఆ గూళ్లలోంచి తప్పించుకున్న చేపలు నదుల్లోని నాటు సాల్మన్ రక్తాన్నే మార్చేస్తున్నాయన్నది నార్వేలో దశాబ్దాలుగా నలుగుతున్న గొడవ. ఎక్కడో చలిదేశం సంగతి మనకెందుకు అనుకోవడానికి లేదు. ఈ కథ మధ్యలో మన శీలావతి కూడా వస్తుంది.

సాల్మన్ నదిలో పుడుతుంది, సముద్రానికి పోయి పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి మళ్లీ తాను పుట్టిన నదికే ఎదురెక్కి వస్తుంది. దారి తప్పి పక్క నదికి పోయేవి కొన్నే. అందుకే ఒక్కో నదిలోని సాల్మన్ వేల ఏళ్లుగా దాదాపు ఒక్కో వంశంలా బతికింది. ఒక నదిలో చేపలు సముద్రంలో ఒక్క చలికాలం గడిపి చిన్నగానే తిరిగొస్తే, ఇంకో నదిలో మూడేళ్లు ఆగి భారీగా వస్తాయి. గుడ్డు ఎప్పుడు పొదగాలి, పిల్ల ఎప్పుడు సముద్రం బాట పట్టాలి అన్నవి కూడా ఆ నది నీళ్ల చలిని బట్టే కుదురుకున్నాయి. నార్వేలో ఇలాంటి నదులు నాలుగు వందలకు పైనే ఉన్నాయి.

1970లో హిట్రా దీవిలో గ్రోంట్‌వెట్ సోదరులు సాల్మన్ పిల్లల్ని సముద్రపు గూళ్లలో వేసి పెంచారు. లాభం కనబడింది. వెంటనే ట్రిగ్వే యెద్రెం, ఆయన సహచర శాస్త్రవేత్తలు పశువుల మేలుజాతి ఎంపికలో వాడే లెక్కల్ని చేపలకు తెచ్చారు. సుమారు 40 నదుల నుంచి గుడ్లు సేకరించి, కుటుంబాలుగా పెంచి, తరం తరానికీ వేగంగా పెరిగేవాటినే తల్లిచేపలుగా ఉంచారు. అంటే వేల ఏళ్లు విడివిడిగా ఉన్న వంశాలు కొన్నేళ్లలోనే ఒక్క తొట్టిలో కలిశాయి. పది తరాలు దాటేసరికి, తొట్టిలో మేత వేసి పెంచితే ఫారం చేప నాటుదానికి మూడు రెట్లు దాకా తూగింది. ఆ రెంటినీ నదిలో వదిలి చూస్తే మాత్రం పెరుగుదలలో తేడా పెద్దగా లేదు. ఆ వేగమంతా మేత దొరికినంతసేపే! వేటాడే చేప వస్తే దాక్కోవాలన్న భయం కూడా ఫారం పిల్లకు తక్కువే.

తప్పించుకోవడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. తుపానుకు గూడు విరగడం, వలకు చిన్న చిరుగు, చేపల్ని పడవలోకి తోడేటప్పుడు జారిపోవడం, ఏదైనా చాలు. 1980ల్లో నదుల్లో ఫారం చేపలు ఎక్కువగా కనబడటం మొదలైంది. అప్పట్లో చాలామంది ధీమా ఏమిటంటే, ఫారం చేప మందకొడిది, నదిలో బతికి బట్టకట్టలేదు అని. బాయిలర్ కోడిని అడవిలో వదిలితే ఎన్నాళ్లుంటుంది అన్నట్టే. పైకి ఆ వాదన నిజమే. నార్వేలోని ఇమ్సా నదిలో చేసిన ప్రయోగంలో నాటు చేపతో పోలిస్తే ఫారం చేప జీవితకాల సంతాన సామర్థ్యం 16 శాతమే వచ్చింది. ఐర్లాండ్‌లోని బురిషూల్ దగ్గర రెండు తరాల పాటు సాగిన ప్రయోగం ఫలితాలు 2003లో వచ్చాయి. అక్కడైతే అది 2 శాతం.

కానీ అసలు చిక్కు ఆ బురిషూల్ లెక్కల్లోనే ఉంది. ఫారం చేప చచ్చిపోతే సరే, అది నాటు చేపతో కలిసి కన్న పిల్లల సంగతేమిటి? సంకర పిల్లలు నాటువాటికన్నా తక్కువే బతికాయి, కానీ ఫారం పిల్లలకన్నా చాలా మెరుగ్గా బతికాయి. పిల్లప్రాయంలో ఒళ్లు పెద్దది కావడంతో నాటు పిల్లల్ని మంచి చోట్ల నుంచి తరిమేశాయి. రెండో తరం సంకరాల్లో 70 శాతం గుడ్డు దశలోనే పోయాయి. అంటే నదికి రెండువైపులా నష్టం. నాటు పిల్లకు చోటు పోయింది, ఆ చోటు ఆక్రమించిన పిల్ల సముద్రం నుంచి తిరిగొచ్చి గుడ్లు పెట్టేదాకా నిలవలేదు. ఏటా కొత్తగా చేపలు తప్పించుకుంటూనే ఉంటే నాటు వంశం ఇలా అరిగిపోవడం ఆగదు.

దీన్ని నదుల్లో రుజువు చేసింది పొలుసులు. రాంనగర్ చేపల మార్కెట్‌లో కత్తి వెనక్కి గీస్తే రాలి కాలికింద పడే పొలుసే. దాన్ని భూతద్దం కింద పెడితే చెట్టు మొద్దులో ఉన్నట్టే వలయాలు కనిపిస్తాయి. చలికాలంలో అవి దగ్గరగా, వేసవిలో దూరంగా పడతాయి. చేప వయసు, సముద్రంలో గడిపిన కాలం వాటిలోనే తెలుస్తాయి. నార్వే గాలపు వేటగాళ్లు పట్టిన చేపల పొలుసుల్ని ఫారాలు రాకముందు నుంచే కాగితపు కవర్లలో దాచారు. దశాబ్దాల తర్వాత ఆ ఎండు పొలుసుల నుంచి డీఎన్‌ఏ తీసి ఇప్పటి చేపలతో పోల్చగలిగారు. 2016లో 147 నదులపై వచ్చిన అధ్యయనంలో, పరిశీలించిన నాటు సమూహాల్లో దాదాపు సగానికి ఫారం జన్యువులు పాకాయని తేలింది. ఆ కలయికతో చేపలు ఎంత వయసుకు ఈడేరుతున్నాయి, ఎంత సైజుకు వస్తున్నాయి అన్నవి కూడా మారుతున్నాయని మరుసటి ఏడాది ఇంకో అధ్యయనం చూపించింది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో 2013లో ఒక్క ఘటనలో సుమారు 20,000 చేపలు తప్పించుకుంటే, తర్వాత చూసిన 18 నదుల్లో 17 చోట్ల సంకర పిల్లలు దొరికాయి.

నార్వే ఊరుకోలేదు. నాటు సాల్మన్ కోసం 1986లోనే వాటి జన్యువుల్ని భద్రపరిచే బ్యాంకు పెట్టింది, గూళ్లకు సాంకేతిక ప్రమాణాలు తెచ్చింది, కొన్ని సముద్రపు పాయల్ని కాపాడాల్సిన ప్రాంతాలుగా ప్రకటించింది. అయినా 2023లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం అట్లాంటిక్ సాల్మన్‌ను ముప్పు అంచున ఉన్న జాతుల్లో చేర్చింది. వేడెక్కుతున్న నీళ్లు, ఆనకట్టలు, చేపల ఒంటిని పట్టే సముద్రపు పేలు, అన్నీ కలిసిన నష్టం అది. జన్యు కలయిక అందులో ఒకటి.

ఇక శీలావతి. మనవాళ్లు రోహు అనే చేపే. 1992లో భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ నార్వే శాస్త్రవేత్తలతో కలిసి, సాల్మన్‌కు వాడిన పద్ధతిలోనే శీలావతిలో మేలుజాతి ఎంపిక మొదలుపెట్టింది. గంగ, యమున, బ్రహ్మపుత్ర లాంటి నదుల చేపల్ని కలిపారు. స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల ఏడాది 1997లో ‘జయంతి రోహు’ బయటికొచ్చింది. తరానికి సగటున 17 శాతం ఎక్కువ పెరుగుదల అంటే రైతుకు అది చిన్న విషయం కాదు, దాన్ని తప్పుపట్టాల్సిన పనీ లేదు.

తేడా ఎక్కడంటే, నార్వేలో చేపలు తప్పించుకున్నాయి, మన దగ్గర మనమే వదిలాం. 1957లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారంతో చేపల చేత గుడ్లు పెట్టించిన తర్వాత విత్తనం కోసం నదుల మీద ఆధారపడే అవసరం తగ్గింది. హేచరీలు లేచాయి. బొచ్చె, శీలావతి పిల్లల్ని దశాబ్దాలుగా దక్కన్ జలాశయాల్లో వేస్తూనే ఉన్నారు. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వమే చెరువులకు ఉచితంగా చేప పిల్లల్ని పంపిణీ చేస్తోంది. ముసురు పట్టి చెరువు అలుగు పారిందంటే అందులోని చేప వాగుకు, వాగు నుంచి మంజీరకో మూసీకో చేరుతుంది. దానికి వల చిరగనక్కర్లేదు. ఇంకో పక్క, 2000లో నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను దొంగచాటుగా ఇంకా పెంచుతూనే ఉన్నారు. అది మన నాటు క్యాట్‌ఫిష్ అయిన మాగుర్‌తో సంకరమవుతుందని ఎప్పుడో తేలింది.

హేచరీల్లో అవే తల్లిచేపల్ని ఏళ్ల తరబడి వాడితే విత్తనం నీరసపడుతుంది. కర్ణాటక హేచరీల మీద 1990లో వచ్చిన అధ్యయనం అక్కడి కార్పుల్లో (శీలావతి, బొచ్చె లాంటి చేపల్లో) అంతఃప్రజననం, అంటే దగ్గరి రక్తసంబంధీకుల మధ్యే సంతానం కలగడం, ఎంతగా ముదిరిందో లెక్కగట్టింది. పంపిణీ రోజున పిల్లలు 35–40 మిల్లీమీటర్లా, 80–100 మిల్లీమీటర్లా అని కొలుస్తారు. ఆ కాగితంలోనే ఇంకో గడి పెట్టి తల్లిచేపలు ఏ హేచరీవి, ఎక్కడి నుంచి తెచ్చినవి, ఎన్నేళ్లుగా వాటినే వాడుతున్నారు అన్నవి రాయించవచ్చు. చెరువులో వేసే ముందు గుప్పెడు పిల్లల రెక్కల కొసలు కత్తిరించి, నార్వే పొలుసుల్లాగే రేపు డీఎన్‌ఏ పోల్చి చూసేందుకు స్పిరిట్ సీసాలో దాచడానికి కూడా పెద్ద ఖర్చేం కాదు.