సోయా కంటే ముందే దాణాలో బీటీ

2021 ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) దిగుమతికి అనుమతిచ్చినప్పుడు, ఇలాంటి మేత మన దేశంలో అడుగుపెట్టడం అదే మొదలన్నట్టు గగ్గోలు రేగింది. పాడిరైతుల కొట్టాల్లోకి అది ఏనాడో వచ్చేసింది.

2002 మార్చిలో బీటీ పత్తి, అంటే కాయతొలుచు పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువు చేర్చిన పత్తి సాగుకు అనుమతి దొరికింది. పత్తిని అందరూ బట్టగానే చూశారు. జిన్నింగ్ మిల్లులో దూది తీశాక మిగిలే గింజ నుంచి నూనె వంటకు, చెక్క పశువులకు పోతుంది. కొన్నేళ్లలోనే దేశంలోని పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీ అయింది. బర్రెలు తినే పత్తిచెక్కా దాదాపు అదే.

మొదటి అలజడి 2006లో, వరంగల్ జిల్లాలో. పత్తి ఏరడం అయిపోయాక చేలల్లోకి మందలు తోలడం అక్కడ పాత అలవాటు. కాపరికి మేత, రైతుకు ఎరువు. బీటీ చేలల్లో ఆకూ కాయా మేసిన గొర్రెలు చచ్చిపోతున్నాయని గొల్లకురుమలు మొరపెట్టుకున్నారు. స్వచ్ఛంద సంస్థలు ఊళ్లు తిరిగి వివరాలు సేకరించాయి. అనుమతులిచ్చే కేంద్ర కమిటీ ఒప్పుకోలేదు. పురుగుమందులో, నైట్రేట్లో కారణం కావచ్చంది. సరే, మందులే అనుకుందాం. అప్పుడైనా ఆ చేను మేతకు పనికిరానట్టే కదా? ఈ ప్రశ్న మాత్రం పక్కకు పోయింది.

జన్యుమార్పిడి మేతతో పశువులకు హాని కనిపించలేదన్నది ఎక్కువ పరిశోధనల మాట. దాన్ని కొట్టిపారేయలేం. కానీ చర్చంతా పశువు కడుపు దగ్గరే ఆగిపోతే పొలం సంగతి మరుగున పడుతుంది. అర్జెంటీనాలో 1996 నుంచి గ్లైఫోసేట్ అనే కలుపుమందును తట్టుకునే సోయా వేస్తున్నారు. సోయా సాగు, పశువుల మేపు కోసం అక్కడి ఉత్తరాన ఉన్న చాకో అడవులు నరికారు. ఒకే మందు పదేపదే కొట్టడంతో దానికి చావని కలుపు పుట్టుకొచ్చింది. ఆ సోయాలో ఎక్కువ భాగం చెక్కగా మారి పరాయి దేశాల కోళ్లకూ పందులకూ వెళ్తోంది.

2021లో దిగుమతి కావాలన్న మన కోళ్లఫారాల వాళ్ల గోడూ అబద్ధం కాదు. కిలో సోయా చెక్క దాదాపు 100 రూపాయలకు చేరింది. వచ్చేది గింజ కాదు, మొలకెత్తని చెక్క కాబట్టి అభ్యంతరం లేదని పర్యావరణ శాఖ తేల్చింది. కోత ముంగిట ఉన్న మధ్యప్రదేశ్, మహారాష్ట్ర రైతులు ధర పడిపోతుందని భయపడ్డారు. పంట చేతికొచ్చేసరికి సోయా ధర ఆగస్టు నాటి స్థాయి నుంచి బాగా దిగిపోయింది. దిగుమతి గడువును మాత్రం తర్వాత 2022 జనవరి దాకా పొడిగించారు.