చీకటి గదిలో ఐసుగడ్డ

పిల్లలూ,

బీఎస్సీ ఇమేజింగ్ చివరి ఏడాదిలో ఉన్న మా మనవరాలు మొన్న వచ్చి, "స్కానింగ్ చేయడం వచ్చేసింది కదా తాతయ్యా, మళ్లీ రెండేళ్లు ఎమ్మెస్సీ ఎందుకు?" అంది. దానికి చెప్పిందే మీకూ రాస్తున్నాను.

నేను గుంటూరులో ఎక్స్‌రే పనిలో చేరిన రోజుల్లో ఫిల్మును చీకటి గదిలో కడిగేవాళ్లం. డెవలపర్, అంటే ఫిల్ము మీద బొమ్మ తేల్చే మందు, 20 డిగ్రీల దగ్గర ఉండాలి, ఫిల్ము అందులో అయిదు నిమిషాలు ఉంచాలి అని గోడకు ఒక అట్ట వేలాడేది. మే నెలలో గుంటూరులో 20 డిగ్రీలు ఎక్కడివి? కొత్తలో ఆ అట్టను నమ్మి, గడియారం చూసుకుంటూ అయిదు నిమిషాలు ఉంచి, ఒక రైతు ఛాతీ ఫిల్మును బొగ్గు చేశాను. ఆయనకు మళ్లీ తీయాల్సి వచ్చింది, అంటే రేడియేషన్ రెండుసార్లు. మా సీనియర్ తిట్టలేదు. ఐసు తెప్పించి, సంచిలో కట్టి, డెవలపర్ తొట్టి చుట్టూ ఉన్న నీళ్లలో వేశాడు. "వేడెక్కితే మందు తొందరగా పనిచేస్తుందిరా. ఐసు దొరకని రోజు టైము తగ్గించు" అన్నాడు. ఆ రెండు ముక్కలూ అట్ట మీద లేవు.

నా లెక్కలో ఎమ్మెస్సీ అంటే ఆ రెండు ముక్కలే.

ఇప్పుడు అట్ట బదులు మిషన్‌లో ప్రోటోకాల్ ఉంది, అంటే ముందే పెట్టి ఉంచిన సెట్టింగులు. సీటీ బొమ్మ ఇసక చల్లినట్టు వస్తే రేడియేషన్ డోసు పెంచితే సరి అనుకుంటారు. ఆ ఇసక సగం తగ్గాలంటే డోసు నాలుగింతలు చేయాలి. బల్ల మీద ఉన్నది అయిదేళ్ల పిల్లయితే? డాక్టరుకు ఎంత బొమ్మ చాలో తెలిసినవాడే అక్కడ చెయ్యి ఆపగలడు. ఎమ్మారైలో 1.5 టెస్లా అయస్కాంతం భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. దాని తీగచుట్టలు మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో ఉంటాయి, అందుకే కరెంటు అడ్డు లేకుండా తిరుగుతూనే ఉంటుంది. స్కాన్ అయిపోయినా అయస్కాంతం ఆగదు. అయిపోయింది కదా అని ఇనప సిలిండర్ లోపలికి తోసుకెళ్తే ప్రాణాలు పోతాయి.

లెక్కలు వదిలించుకుందామనే బైపీసీ తీసుకున్నవాళ్లకు సీటీ, ఎమ్మారై బొమ్మల వెనక ఉన్న ఫోరియర్ లెక్కల పేరు వింటే టెన్షన్. నాకూ ఉండేది. తప్పదు. సీటీకి 1979లో నోబెల్ అందుకున్న ఇద్దరిలో హౌన్స్‌ఫీల్డ్ ఇంజనీరు, కోర్మాక్ భౌతిక శాస్త్రవేత్త. ఇద్దరూ డాక్టర్లు కారు.

అలాగని ఎమ్మెస్సీ చేస్తే రిపోర్టులు రాయొచ్చని మాత్రం అనుకోకండి. అది ఎంబీబీఎస్ తరవాత నీట్ పీజీ రాసి, మూడేళ్లు ఎండీ రేడియాలజీ చదివినవాళ్ల పని.

కాలేజీ చూడటానికి వెళ్తే బ్రోచరు పక్కన పెట్టి నేరుగా సీటీ గదికి వెళ్లండి. మిషన్‌ను పరీక్షించడానికి మనిషికి బదులు పెట్టే నీళ్ల ఫాంటమ్ ఒకటి ఉంటుంది. ఒక పదార్థం ఎక్స్‌రేను ఎంత అడ్డుకుంటుందో చెప్పేది సీటీ అంకె; నీళ్లకు అది సున్నా రావాలి. కిందటిసారి ఎంత వచ్చిందో అడగండి. రిజిస్టరు తెరిచి చూపిస్తే అక్కడ చేరండి. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే విజయవాడ బస్సెక్కి ఇంకో కాలేజీ చూసుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య,
అరండల్‌పేట, గుంటూరు